రోడ్డు మీద ఆగిన గుండె: పారామెడిక్ ఎప్పుడు చేతులెత్తేయకూడదు?

కరెంటు స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్ కింద పడిపోయాడనుకుందాం. 108 అంబులెన్స్‌లో పారామెడిక్ (దారిలో చికిత్స చేసే సిబ్బంది) వచ్చేసరికి తల పగిలి రక్తం కారుతోంది. ఊపిరి లేదు. మెడ దగ్గర వేళ్లు పెడితే నాడి తగలడం లేదు. చుట్టూ చేరినవాళ్లంతా ఒకటే మాట అంటారు: "అంత ఎత్తు నుంచి పడ్డాడు, ఇంకేముంది, అయిపోయింది." పడడం వల్లే గుండె ఆగిందని వాళ్లు అప్పటికే తేల్చేసుకున్నారు. కానీ ముందు షాక్ కొట్టి గుండె లయ తప్పి ఉండొచ్చు, ఆ తర్వాతే పట్టు జారి కింద పడి ఉండొచ్చు. పడిన దెబ్బకే గుండె ఆగి ఉంటే బతికే ఆశ చాలా తక్కువ. కరెంటు వల్ల ఆగి ఉంటే మాత్రం డీఫిబ్రిలేటర్‌తో వెంటనే షాక్ ఇస్తే ఆ గుండె మళ్లీ కొట్టుకోవచ్చు. చూసేవాళ్లకు మాత్రం రెండు సందర్భాల్లోనూ తల మీద గాయం ఒకేలా కనిపిస్తుంది.

గాయాలతో గుండె ఆగిన మనిషికి సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, ఊపిరి ఇస్తూ బతికించే ప్రయత్నం) ఎంతసేపు చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్న చర్చ ఎప్పుడూ నిమిషాల చుట్టూనే తిరుగుతుంది. పదా, పదిహేనా, ముప్పయ్యా? నిమిషాలు ముఖ్యమే. అయితే అంతకంటే ముందు తేలాల్సిన విషయం ఇంకొకటుంది. గుండె ఎందుకు ఆగింది? ఆ కారణాన్ని సరిచేసే పని ఎవరైనా చేశారా? ఇది తేలకముందే గడియారం చూసి ఆపేయడం తొందరపాటు. ఆ తొందరపాటుకు మూల్యం చెల్లించేది కింద పడి ఉన్న మనిషి.

అలాగని ఆపేయమని చెప్పే నియమాలు ఊరికే పుట్టలేదు. 1993లో అమెరికాలోని ఫ్లోరిడా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. గాయాలపాలై ఆసుపత్రికి చేరకముందే గుండె ఆగిన 138 మందిని పరిశీలిస్తే అందులో ఒక్కరు కూడా బతకలేదు. ఇలాంటి ప్రయత్నాలకు అయ్యే ఖర్చు, శ్రమ ఎందుకన్న ప్రశ్న అప్పటి నుంచి గట్టిగా వినిపించింది. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. సైరన్ వేసుకుని దూసుకెళ్లే అంబులెన్స్ తానే ప్రమాదంలో పడొచ్చు. వెనక నిలబడి సీపీఆర్ చేసే సిబ్బందికి సీటు బెల్టు ఉండదు. అదే సమయంలో పక్క ఊళ్లో ప్రసవ నొప్పులు పడుతున్న మనిషికి బండి దొరకదు.

ఈ ఆలోచనతోనే 2003లో అమెరికాలో ఈఎంఎస్ (అత్యవసర అంబులెన్స్ సేవల) వైద్యుల జాతీయ సంఘం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌కు చెందిన ట్రామా (తీవ్ర గాయాల) కమిటీ కలిసి మార్గదర్శకాలు ఇచ్చాయి. వాహనం గుద్దడం, ఎత్తు నుంచి పడడం లాంటి దెబ్బలు తగిలిన మనిషికి ఊపిరి, నాడి లేకపోయి, ఈసీజీలో (గుండె లయను గీతలుగా చూపే పరీక్షలో) కూడా గుండె క్రమమైన లయతో పని చేస్తున్న గుర్తు కనబడకపోతే ప్రయత్నం మొదలుపెట్టనక్కర్లేదన్నారు. కత్తిపోటు, తూటా గాయాల విషయంలో కాస్త ఎక్కువ జాగ్రత్త చెప్పారు. కనుపాప వెలుగుకు స్పందించినా, ఒళ్లు దానంతటది కదిలినా, ఈసీజీలో క్రమమైన లయ ఉన్నా ప్రయత్నం చేస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలన్నారు. మొదలుపెట్టిన ప్రయత్నం 15 నిమిషాలైనా ఫలించకపోతే ఆపడం గురించి ఆలోచించవచ్చన్నారు.

మూడేళ్ల తర్వాత, 2006లో, లండన్ హెలికాప్టర్ వైద్య బృందం తమ పదేళ్ల లెక్కలు బయటపెట్టింది. గాయాలతో గుండె ఆగిన 909 మందికి ఘటనా స్థలంలో ప్రయత్నం చేస్తే 68 మంది ప్రాణాలతో ఇంటికి వెళ్లారు. అంటే 7.5 శాతం. గుండెపోటుతో రోడ్డు మీద కుప్పకూలినవాళ్లలో బతికేవాళ్ల శాతం కూడా చాలా చోట్ల దీనికి అటూ ఇటూగానే ఉంటుంది. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన సంఖ్య మరొకటి ఉంది. ఆ 68 మందిలో 13 మంది అమెరికా మార్గదర్శకాలకు వెలుపల బతికారు. అక్షరం తప్పకుండా ఆ నియమాలే పాటించి ఉంటే వాళ్లను అక్కడే వదిలేసేవారు.

లండన్ బృందంలో డాక్టర్లు ఉంటారు, అవసరమైతే రోడ్డు మీదే ఛాతీ తెరవగలరు. కాబట్టి వాళ్ల ఫలితాలు అందరికీ వస్తాయనుకోకూడదు. అయినా ఫ్లోరిడా సున్నాకూ లండన్ 68కీ మధ్య ఉన్న తేడా ఒక సంగతి చెబుతోంది. ఎలాగూ బతకరన్న నమ్మకంతో ప్రయత్నం తగ్గిస్తే బతికేవాళ్ల లెక్క కూడా తగ్గుతుంది. మళ్లీ ఆ లెక్కే చూపించి పాత నమ్మకాన్ని గట్టిపరుచుకుంటారు.

అసలు నాడి దొరకకపోవడం, గుండె ఆగిపోవడం ఒకటి కావు. పొలాల్లో బోరు వాడేవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైపులోంచి చుక్క రాదు. విపరీతంగా రక్తం పోయినప్పుడు గుండె పరిస్థితీ అంతే. కండరం ముడుచుకుంటూనే ఉంటుంది, ఈసీజీ మానిటర్ మీద గీతలు వరసగా వస్తూనే ఉంటాయి, కానీ వేలికి నాడిగా తగిలేంత ఒత్తిడి ఉండదు. గాయాల కేసుల్లో ఈసీజీ మీద లయ కనిపిస్తూ నాడి దొరకని స్థితి చాలాసార్లు ఇదే. దీన్ని చనిపోయిన గుండెగా లెక్కకట్టడం పెద్ద పొరపాటు. అందుకే వేళ్లతో నాడి చూసి నిర్ణయం తీసుకోవడం చాలదు, మానిటర్ తగిలించి చూడాలి. అందులో క్రమమైన లయ ఉన్నంతవరకు ఆపే ఆలోచనే రాకూడదు.

గాయపడ్డ మనిషి గుండెను ఆపే కారణాల్లో సరిచేయగలిగినవి ముఖ్యంగా నాలుగు. రక్తం పోవడం, ఆక్సిజన్ అందకపోవడం, ఛాతీలో గాలి చిక్కుకుని ఒత్తిడి పెరగడం, గుండె చుట్టూ ఉన్న సంచిలో రక్తం నిండడం. యూరప్ పునరుజ్జీవన మండలి 2015లోనూ 2021లోనూ ఇచ్చిన మార్గదర్శకాలు ఈ నాలుగింటినీ ఛాతీ మీద నొక్కడం కంటే ముందు వరసలో పెట్టాయి. మామూలు సీపీఆర్ శిక్షణ పొందినవాళ్లకు ఇది కాస్త వింతగా అనిపిస్తుంది. కానీ నీళ్లు లేని బోరును ఎంత నొక్కితే ఏం లాభం? ముందు రక్తం కారే చోట గట్టిగా అదమాలి. చేతికో కాలికో తగిలిన గాయమైతే పైన టోర్నికే (రక్తం ఆపే పట్టీ) బిగించాలి. నడుము దగ్గర ఎముకలు విరిగినట్టు అనుమానం వస్తే, తాటిచెట్టు మీద నుంచి పడిన గీత కార్మికుల్లో ఈ అనుమానం తరచుగానే వస్తుంది, తుంటి చుట్టూ బైండర్ గానీ దుప్పటి గానీ బిగించి కట్టాలి. తర్వాత రక్తం, సెలైన్.

ఆక్సిజన్ అందకపోవడం అన్నిటికంటే సులువుగా సరిచేయగలిగిన కారణం. అన్నిటికంటే ఎక్కువగా చేజారిపోయేదీ అదే. హెల్మెట్ లేని బైకు మనిషి తల డివైడర్‌కు తగిలితే, ఆ దెబ్బకు మెదడులో ఊపిరిని నడిపించే భాగం కాసేపు మొద్దుబారిపోతుంది. దీన్ని ఇంపాక్ట్ బ్రెయిన్ యాప్నియా అంటారు. మెదడు మరీ నలిగి ఉండకపోవచ్చు, ఊపిరి మాత్రం ఆగుతుంది. కొద్ది నిమిషాల్లో ఆక్సిజన్ అందక గుండె కూడా ఆగుతుంది. ఆ నిమిషాల్లో మెడ కదలకుండా దవడను ముందుకు లాగి, నోట్లో రక్తం తీసేసి, ఆంబు బ్యాగ్‌తో (చేత్తో పిసికి ఊపిరి ఇచ్చే సంచితో) ఊపిరి ఇస్తే కథ వేరేగా ఉండొచ్చు. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. శ్వాసమార్గం సరిగ్గా తెరవకుండానే ఒకరి మీద ప్రయత్నం ఆపేశారంటే, అసలు ప్రయత్నం మొదలే కాలేదని చెప్పాలి.

మూడో కారణానికి వైద్యులు పెట్టిన పేరు టెన్షన్ న్యూమోథొరాక్స్. పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి చిల్లు పడితే, ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య గాలి చేరుతుంది. లోపలికి వెళ్తుంది గానీ బయటికి రాదు. ఒత్తిడి పెరిగి పెరిగి, గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరలను నొక్కేస్తుంది. ఆంబు బ్యాగ్‌తో ఊపిరి ఇస్తున్నకొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. బ్యాగ్ పిసకడం కష్టమవుతుంది, ఛాతీ ఒకవైపు లేవదు. అక్కడ సూదితోనో, శిక్షణ ఉన్నవాళ్లయితే చిన్న కోత పెట్టి వేలితోనో దారి తీస్తే గాలి బయటికి తన్నుకొస్తుంది. ఒక్కోసారి వెంటనే నాడి తిరిగి తగులుతుంది. ఛాతీకి దెబ్బ తగిలి గుండె ఆగిన మనిషికి రెండు వైపులా ఈ ఒత్తిడి తీయకుండా ప్రయత్నం ముగించకూడదన్నది ఇప్పుడు ట్రామా వైద్యంలో బలమైన అభిప్రాయం.

నాలుగోది కత్తిపోట్లలో ఎక్కువ. గుండెకు చిన్న చిల్లు పడితే కారిన రక్తం చుట్టూ ఉన్న సంచిలోనే నిండిపోయి, గుండెను విచ్చుకోనివ్వదు. టాంపొనేడ్ అంటారు. దీన్ని పారామెడిక్ సరిచేయలేరు, ఛాతీ తెరవాల్సిందే. లండన్ బృందం 1999 నుంచి 2019 వరకు ఆసుపత్రి బయటే ఛాతీ తెరిచిన 601 కేసులను చూస్తే, టాంపొనేడ్ ఒక్కటే కారణమైన వాళ్లలో 21 శాతం బతికారు. రక్తమంతా కారిపోవడమే కారణమైన వాళ్లలో 2 శాతం కూడా బతకలేదు. ఛాతీలో కత్తి దిగిన మనిషి పారామెడిక్ కళ్ల ముందే కదలికలు ఆపేశాడంటే, అక్కడే కూర్చుని 15 నిమిషాలు సీపీఆర్ చేసి ఆపడం కంటే దారుణమైన నిర్ణయం లేదు. దగ్గర్లో ఆపరేషన్ చేయగల సర్జన్ ఉంటే ప్రతి నిమిషమూ బండి చక్రాల మీదే గడవాలి.

ఇక, గాయానికీ మనిషి స్థితికీ పొంతన కుదరని కేసులు. 2003 మార్గదర్శకాల్లోనే ఈ మాట స్పష్టంగా ఉంది: జరిగిన ప్రమాదం చూస్తే గుండె ఆగేంతగా అనిపించకపోతే, అది గాయం వల్ల ఆగలేదేమోనని అనుమానించి ప్రయత్నం కొనసాగించాలి. నీట మునిగినవాళ్లను, పిడుగు పడినవాళ్లను, చలికి ఒళ్లు బాగా చల్లబడినవాళ్లను కూడా విడిగానే చూడమన్నారు. నిమిషాలు గుర్తుపెట్టుకున్నంతగా ఈ మినహాయింపులను గుర్తుపెట్టుకోరు. నిజానికి ప్రాణాలు దక్కేది ఇక్కడే ఎక్కువ.

బస్సు నడుపుతున్న డ్రైవర్‌కు స్టీరింగ్ మీదే గుండెపోటు వచ్చిందన్న వార్త తెలుగు పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. కొందరు చివరి శక్తితో బస్సును పక్కకు ఆపుతారు. కొన్నిసార్లు బస్సు చెట్టుకో గోడకో తగులుతుంది. బంపర్ మాత్రమే వంగింది, ప్రయాణికులకు గీతలు పడ్డాయి, యాభై దాటిన డ్రైవర్ ఒక్కడే నాడి లేకుండా ఉన్నాడు. ఈ దృశ్యాన్ని రోడ్డు ప్రమాదం అని రాసుకుంటే ఆపే నియమం త్వరగా వర్తిస్తుంది. గుండెపోటు అని గుర్తుపడితే వెంటనే ఏఈడీ (గుండె లయ చూసి షాక్ ఇచ్చే యంత్రం) తగిలించాలి, షాక్‌కు స్పందించే లయ ఉందేమో చూడాలి, చాలాసేపు పోరాడాలి.

దీనికి దగ్గరి బంధువు కమోషియో కార్డిస్. ఛాతీకి సరిగ్గా గుండె ఉన్న చోట, గుండె కొట్టుకునే క్రమంలో ఒకానొక రెప్పపాటు క్షణంలో దెబ్బ తగిలితే లయ తప్పి గుండె వణుకుతుంది. ఎముక విరగదు, రక్తం రాదు. 2023 జనవరి 2న సిన్సినాటి మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డామర్ హామ్లిన్ ఇలాగే పడిపోయాడు. మైదానంలోనే సీపీఆర్ చేసి, షాక్ ఇచ్చి బతికించారు. అదే ఏడాది మళ్లీ ఆటలోకి దిగాడు. క్రికెట్ బంతి గుండెకు తగిలి పడిపోయిన కుర్రాడి విషయంలో కూడా ఇదే గుర్తుకు రావాలి.

పిడుగు సంగతి తెలుగు పల్లెలకు వేరే చెప్పక్కర్లేదు. దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు పోతున్నారు, వాళ్లలో పొలాల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. పిడుగు ఒక్కసారిగా గుండెనూ ఊపిరినీ రెండింటినీ ఆపేస్తుంది. గుండెకు తనంతట తాను మళ్లీ మొదలయ్యే గుణం ఉంది, ఊపిరి మాత్రం అంత త్వరగా మొదలుకాదు. ఆ విరామంలో ఎవరైనా ఊపిరి ఇస్తే మనిషి దక్కుతాడు, లేకపోతే తిరిగొచ్చిన గుండె కూడా మళ్లీ ఆగిపోతుంది. అందుకే చెట్టు కింద నలుగురు కూలీలు పడి ఉంటే, పిడుగు విషయంలో మామూలు పద్ధతిని తిరగేస్తారు. మూలుగుతున్నవాళ్లు చాలావరకు బతుకుతారు కాబట్టి, చనిపోయినట్టు కనిపించేవాళ్ల దగ్గరికే ముందు వెళ్లాలి. పిడుగు దెబ్బకు కనుపాపలు పెద్దవై కదలకుండా ఉండిపోవచ్చు, వాటిని చూసి ఆశ వదులుకోకూడదు.

చలి కేసు మన దగ్గర అరుదు, అయినా చెప్పుకోదగ్గది. 1999 మే నెలలో నార్వేలో స్కీయింగ్ చేస్తూ అన్నా బోగెన్‌హోల్మ్ అనే వైద్యురాలు మంచు కింది వాగులో చిక్కుకుపోయింది. 80 నిమిషాలు. బయటికి తీసేటప్పటికి గుండె ఆగి ఉంది. శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోయింది. సీపీఆర్ చేస్తూనే హెలికాప్టర్‌లో ట్రోమ్సో ఆసుపత్రికి తీసుకెళ్లారు, యంత్రంతో రక్తాన్ని వేడి చేశారు, ఆమె కోలుకుని మళ్లీ ఆసుపత్రి ఉద్యోగంలో చేరింది. గుండె ఆగకముందే ఒళ్లు చల్లబడితే మెదడుకు ఆక్సిజన్ అవసరం బాగా తగ్గిపోతుంది, అదే కాపాడింది.

ట్రాక్టర్ తిరగబడి కింద పడినవాళ్లు, బావి తవ్వుతుంటే మట్టిపెళ్లలు మీద పడినవాళ్లు, జాతరల్లో తొక్కిసలాటలో నలిగినవాళ్లు ఇంకో కోవ. ఛాతీ మీద బరువు పడి ఊపిరి తీసుకోలేక గుండె ఆగుతుంది. పైకి ఒక్క గాయమైనా ఉండకపోవచ్చు. బరువు తీసిన వెంటనే ఊపిరి ఇవ్వడం మొదలుపెడితే అవకాశం ఉంటుంది. గంటల తరబడి కాళ్లు నలిగి ఉన్న మనిషిని బయటికి లాగిన క్షణంలో గుండె ఆగితే, నలిగిన కండరాల నుంచి రక్తంలోకి వచ్చిన పొటాషియం కారణం కావచ్చు. దానికి మందులున్నాయి. ఆ మందు పడకుండా ఆపకూడదు.

పిల్లలకు పెద్దల నియమం వర్తించదు. 2014లో అమెరికా శిశువైద్యుల అకాడమీ, సర్జన్లు, అత్యవసర వైద్యుల సంఘాలు కలిసి ఇచ్చిన ప్రకటన, పిల్లల విషయంలో ఆపడం గురించి ఆలోచించడానికే 30 నిమిషాలకు పైబడిన సీపీఆర్‌ను ప్రమాణంగా పెట్టింది. నిండు గర్భిణి అయితే లెక్కలోకి రెండు ప్రాణాలు వస్తాయి. 20 వారాలు దాటిన గర్భం, అంటే గర్భాశయం బొడ్డు ఎత్తుకు వచ్చి ఉంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు అది పెద్ద సిరను నొక్కేస్తుంది. ఒకరు చేత్తో గర్భాన్ని ఎడమవైపుకు జరిపి పట్టుకోవాలి, ఇంకొకరు సీపీఆర్ చేయాలి. బిడ్డను తక్షణం బయటికి తీస్తే తల్లి గుండె కూడా తేరుకోవచ్చు. ఆ పని చేయగల చోటికి చేర్చేవరకు ఆపే ప్రసక్తే లేదు.

ఇదంతా తెలుగు రాష్ట్రాల రోడ్ల మీద ఎలా కుదురుతుంది? 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవతోనే ఇక్కడి పల్లెలకు అంబులెన్స్ అంటే ఏమిటో తెలిసింది. బండిలో ఇద్దరే ఉంటారు, ముందు బండి నడిపే పైలట్, వెనక చికిత్స చూసే ఈఎంటీ. ఒక్క మనిషి ఛాతీ నొక్కాలి, ఆంబు బ్యాగ్ పిసకాలి, రక్తం ఆపాలి, మానిటర్ చూడాలి, ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడాలి. లండన్ లెక్కలు చదివి ఈ ఈఎంటీని తప్పుపట్టడం అన్యాయం. ఇక్కడ కావాల్సింది వాళ్లకు తోడు. దారిలో ఎక్కించుకునే బంధువుకో కానిస్టేబుల్‌కో ఛాతీ నొక్కడం చూపించి, తాను శ్వాస, రక్తస్రావం చూసుకోవడం ఈఎంటీ చేయగల పని.

మరణాన్ని ధృవీకరించే అధికారం మన దగ్గర డాక్టర్‌దే, ఈఎంటీది కాదు. కాబట్టి ఆపాలా వద్దా అన్నది కాల్ సెంటర్‌లోని డాక్టర్ ఈఎంటీ మాట విని చెప్పేదే. అప్పుడు ఈఎంటీ చెప్పే వివరం నాణ్యతే అన్నిటికంటే విలువైనది. "యాక్సిడెంట్ కేసు సార్, పల్స్ లేదు" అంటే అవతల డాక్టర్‌కు ఏమీ తెలియదు. మానిటర్‌లో ఏ లయ ఉంది, ఛాతీ రెండు వైపులా లేస్తోందా, కనుపాపలు ఎలా ఉన్నాయి, రక్తస్రావం ఆగిందా, వాహనం ఎంత దెబ్బతింది, మనిషి వయసెంత, ఇవన్నీ చెబితే ఆ డాక్టర్ కళ్లతో చూసినంత పని అవుతుంది.

ఆపడం సరైన సందర్భాలూ ఉన్నాయి. తల మొండెం వేరైనా, శరీరం రెండు ముక్కలైనా, ఒళ్లు బిగుసుకుపోయినా, నెత్తురు కిందికి దిగి మచ్చలు కట్టినా మొదలుపెట్టాల్సిన పని లేదు. బస్సు లోయలో పడి ముప్పైమంది ఒకేసారి గాయపడితే, నాడి లేని ఒక్క మనిషి దగ్గరే సిబ్బంది ఇద్దరూ కూర్చోవడం మిగతావాళ్లకు ద్రోహం అవుతుంది. పైన చెప్పిన నాలుగు కారణాలనూ వెతికి, చేయగలిగింది చేశాక కూడా మానిటర్‌లో గీత నేరుగానే ఉంటే ఆపొచ్చు. 2015లో లాస్ ఏంజెలెస్ ట్రామా వైద్యులు 187 మందిని అల్ట్రాసౌండ్‌తో చూసినప్పుడు, గుండె కదలిక, చుట్టూ ద్రవం రెండూ లేనివాళ్లలో ఒక్కరు కూడా బతకలేదు. ఆ పరికరం అంబులెన్సుల్లోకి వచ్చేవరకు మన దగ్గర ఈ సాయం ఆసుపత్రి గుమ్మం దాటాకే దొరుకుతుంది. అనుమానం ఉంటే గుమ్మం వరకు చేర్చడానికి ఇదొక అదనపు కారణం.

ఈ మొత్తం లెక్కలో అన్నిటికంటే బరువైన ఒక వివరం మాత్రం మానిటర్‌లో దొరకదు, ఫోన్‌లో డాక్టర్‌కూ తెలియదు. ఆ మనిషి చివరిసారి ఎప్పుడు కదిలాడు, ఎప్పుడు మూలిగాడు, ఎప్పుడు నీళ్లు అడిగాడు? రెండు నిమిషాల కిందటా, అరగంట కిందటా? 108 రాకముందే అక్కడికి చేరిన టీ కొట్టు మనిషికో, బండి ఆపి దిగిన లారీ డ్రైవర్‌కో అది తెలిసి ఉంటుంది. ఈఎంటీ బండి దిగుతూనే సంచి తెరుస్తూ ఆ ప్రశ్న అడగాలి. సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తున్నవాళ్లు ఆ సమయాన్ని నిమిషంతో సహా చెప్పగలరు.